పన్నెండో గొంతు

నావి పాము చెవులని మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ అనేవారు. ఆ చెవులమీదే ఇరవై ఏళ్లు బతికాను. తెలుగు ముక్క రాని హీరోయిన్లకు గొంతు అరువివ్వడం నా పని. ఫిలింనగర్‌లో మేడల కింద సెల్లార్లలో ఉండే డబ్బింగ్ థియేటర్లలో నిలబడి, తెరమీద కదిలే పెదవులకు మాటలు అతికించేదాన్ని. సినిమా అయ్యాక పేర్ల వరసలో ఎక్కడో అట్టడుగున మా పేర్లు పడేవి. అప్పటికి హాల్లో ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ మిగిలేవారు కాదు.

ఆ పనిలో మొదటి రోజు నేర్పేది ఒకటే. డైలాగ్ కాగితం చేతికి రాగానే, తెరమీద మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో చూసి, కాగితంమీద అక్కడ పెన్సిల్‌తో చిన్న నిలువు గీత పెట్టుకోవాలి. మాట తప్పినా సర్దుకోవచ్చు గానీ, ఊపిరి తప్పితే ఆ బొమ్మ దయ్యం పట్టినట్టు ఉంటుంది. పెదవులు ఒకరివి, ప్రాణం ఇంకొకరిది అని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పని మానేసినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. శుభలేఖ చదివినా, కరెంటు ఆఫీసు నోటీసు చదివినా, చేతిలో పెన్సిల్ ఉంటే గీతలు పెట్టేస్తాను.

గొంతు బొంగురుపోయాక ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠం చెప్పే పని దొరికింది. మీడియా విభాగం, వారానికి మూడు రోజులు. అక్కడే ఒకమ్మాయి నా క్లాసుకి వచ్చింది. షేక్‌పేట పాత ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. మొహమాటం లేని మనిషి. పీజీ చివరి ఏడాది ప్రాజెక్టుకి ఆమె ఎంచుకున్న విషయం, చదువుకు సంబంధించిన రాతల్లో ఏఐని వాడుకోవడం తప్పా ఒప్పా, తోటి విద్యార్థులు ఏమనుకుంటున్నారు అని.

"వేరే సార్లు వద్దన్నరు మేడమ్. గిది పోలీసోళ్ల ముచ్చట లెక్కుంది అన్నరు. మీరు జర గైడ్ చేస్తరా?" అని అడిగింది.

నాకు లోపల నవ్వొచ్చింది. అరువు గొంతుతో బతికినదాన్ని, అరువు రాత తప్పా ఒప్పా అని తీర్పు చెప్పాలి! గురివింద సామెత నాకోసమే పుట్టినట్టుంది. అయినా ఒప్పుకున్నాను. ఆ పిల్ల నాకు నచ్చింది, అదీ కారణం.

మొదటి ఏడాది క్లాసు రాతల నుంచి ప్రాజెక్టు దాకా, ఆమె తెచ్చిన ప్రతి కాగితంమీదా రెండేళ్లపాటు ఎర్ర సిరాతో రాస్తూనే ఉన్నాను. "ఇక్కడ నువ్వు కనబడటం లేదు", "ఈ వాక్యంలో ఊపిరేదీ?" అని. అంతటితో ఆగితే బాగుండేది. అంచుల్లో చోటు ఉన్నచోటల్లా నా సొంత గోడు కూడా రాసేదాన్ని. డబ్బింగ్ రోజుల కబుర్లు, నన్ను ఎవరూ గుర్తుపట్టని సంగతులు. వయసొచ్చిందిగా, చెప్పుకోవడానికి ఎవరో ఒకరు కావాలి.

ప్రాజెక్టు నియమం సులువుగానే ఉంటుంది. పన్నెండు మంది విద్యార్థులతో ఎదురుగా కూర్చుని మాట్లాడి, రికార్డు చేసి, వాళ్లన్న మాటల్ని పొల్లుపోకుండా టైపు చేసి జతపరచాలి. వాటిలో ఒక్కటి కల్పించినట్టు తేలినా ప్రాజెక్టు రద్దు, ఏడాది పోతుంది. ఆ అమ్మాయికి అప్పటికే ఒక ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లోపు పట్టా చూపించాలి, లేకపోతే అది ఇంకొకరికి ఇస్తారు.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఆ పన్నెండు సంభాషణలూ ముందేసుకుని కూర్చున్నాను. మా ఇల్లు ఫిలింనగర్ ఎత్తుమీద, ఒక పెద్ద బండకు ఆనుకుని ఉంటుంది. ఎదురుగా ఏదో ప్రొడక్షన్ ఆఫీసు. ఆ రోజు అక్కడ కారవాన్ నిలబడి, దాని జనరేటర్ గుర్రుమంటోంది. నేను ఏదైనా పైకి చదివితేనే నాకు ఎక్కుతుంది. పెన్సిల్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

మొదటి కుర్రాడు ఇలా అన్నాడు: "ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఏఐ ఒక సాధనం మాత్రమే. ఒకవైపు అది సమయం ఆదా చేస్తుంది. మరోవైపు మన ఆలోచనాశక్తిని తగ్గించే ప్రమాదం ఉంది. కాబట్టి సమతుల్యం అవసరం." బాగానే ఉంది, బుద్ధిమంతుడనుకున్నాను. వెంగళరావు నగర్ నుంచి వచ్చే ఒకమ్మాయి, భాషలో తప్పులు దిద్దించుకోవచ్చుగానీ ఆలోచన మాత్రం మనదే ఉండాలంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాడు, ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాళ్లతో తనను సమానం చేసింది అదేనని, దాన్ని తప్పనడం అన్యాయమని వాదించాడు. ఇంకొకతను, ప్రశ్నపత్రాలు సార్లే దానిచేత రాయిస్తున్నప్పుడు జవాబులు మేం రాయిస్తే నేరమా అన్నాడు. వాడుకున్నట్టు మొదటి పేజీలో ఒప్పుకుంటే చాలని ఒకామె అంది. అభిప్రాయాలు రకరకాలుగా ఉన్నాయి. కొన్ని నన్ను ఆలోచనలో పడేశాయి కూడా.

ఐదో కాగితం దగ్గర నా గొంతు దానంతటదే ఆగింది. అంతకుముందు నాలుగుసార్లు ఆగిన చోటే ఆగింది.

మళ్లీ మొదట్నుంచి చదివాను. ప్రశ్నను మెచ్చుకోగానే ఒక ఊపిరి. ఒకవైపు అన్నాక ఒకటి. మరోవైపు అన్నాక ఒకటి. చివర్లో కాబట్టి అనే ముందు ఒక పెద్ద ఊపిరి. ఎవరి వాదన వాళ్లది, ఊపిరి మాత్రం అందరిదీ ఒకటే. లేచి వెళ్లి ఆ కాగితాల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాను. నా పెన్సిల్ గీతలు దాదాపుగా ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఎండ మండిపోతున్న వేళ నా చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బయట జనరేటర్ ఆగిపోయింది. ఇంట్లో నేను కాక ఇంకెవరో చదువుతున్నట్టనిపించి, కాగితాలు బల్లమీద పడేశాను.

పదకొండూ అంతే. పన్నెండోది మాత్రం వేరు.

"పెదవులు నావే. మాటే నాది కాదు" అని మొదలైంది అది. హాస్టల్లో ఉండే ఒకమ్మాయి అన్న మాటలని పైన రాసి ఉంది. "అది రాసిచ్చిన వ్యాసం నా పేరుతో ఇచ్చాను. క్లాసులో సార్ చాలా బాగుందన్నారు. ఎవర్ని అంటున్నారో అని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది." అక్కడ నాకు కన్నీళ్లు ఆగలేదు. ఒకసారి హాల్లో నా డైలాగుకు జనం చప్పట్లు కొడితే నేనూ అలాగే వెనక్కి తిరిగి చూశాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పిన గుర్తు లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల నా లోపలి మాట చెప్పింది. ఆ కాగితంమీద ఒక్క గీత కూడా పెట్టలేదు, అవసరం పడలేదు.

మర్నాడు ఆ అమ్మాయిని స్టాఫ్ రూములోకి పిలిచి నిలబెట్టాను.

"ఈ పదకొండూ నువ్వు పుట్టించినవి. ఒక్క మనిషి కూడా లేడు వీటిలో. పన్నెండో పిల్ల ఒక్కతే నిజం."

"మేడమ్, అందరితోని మాట్లాడిన నేను. పన్నెండోదే..." అని ఏదో చెప్పబోయింది.

"దాని జోలికి పోకు. అదొక్కటే నీ పరువు కాపాడింది" అన్నాను.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మొహంలో రంగు పోయింది. తప్పు దొరికిపోయినందుకే అనుకున్నాను. రికార్డింగులు తెమ్మని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నా చెవులుండగా రికార్డింగులెందుకు? ఆ సాయంత్రమే మా విభాగాధిపతికి ఉత్తరం రాసిచ్చాను. పదకొండు సంభాషణలు కల్పితాలని నా అనుమానమనీ, పన్నెండోది మాత్రం నిస్సందేహంగా అసలైనదనీ. "నిస్సందేహంగా" అన్న మాట కింద గీత కూడా గీశాను. ఆయన కమిటీకి పంపించి, మరుసటి వారం విచారణ పెట్టారు.

రెండో రోజు పొద్దున్న ఆ అమ్మాయి నేరుగా మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది.

"వినకుండ ఎట్ల రాస్తరు మేడమ్ మీరు? జర వినుండ్రి. తర్వాత ఏమన్న రాసుకోండ్రి."

ఆ మాట తగిలింది. మా వీధి చివరే నేను ఏళ్ల తరబడి పనిచేసిన డబ్బింగ్ థియేటర్ ఉంది. అక్కడి సౌండ్ ఇంజనీరు నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. ఆ పూట ఖాళీగా ఉన్నానన్నాడు. అతని చెవుల ముందే తేల్చేద్దామని అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆ గదిలోకి రెండు తలుపులు దాటి వెళ్లాలి. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరవాలి. మధ్యలో నిలబడ్డ ఆ కాసేపు వీధి చప్పుడు ఎవరో పీక నొక్కినట్టు పోతుంది. బయట పదకొండు గంటల ఎండ, లోపల చీకటి, చల్లదనం, స్పాంజి గోడలు. అక్కడ నిశ్శబ్దంలో మన గుండె మనకే వినిపిస్తుంది. ఇరవై ఏళ్లు రాని భయం ఆ రోజు నాకు ఆ గదిలో వేసింది.

ఇంజనీరు మొదటి ఫైలు పెట్టాడు. క్యాంటీన్‌లో గిన్నెల చప్పుడు, వెనక ఎవరో పకోడీ అడుగుతున్నారు, ఆ మధ్యలో ఒక కుర్రాడి గొంతు. బతికున్న గొంతే. "ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న..." రెండోదానిలో అమ్మాయికి జలుబు. మూడోది మధురానగర్‌లో ఎవరిదో హాస్టల్ గది, కుక్కర్ మూడు విజిల్స్ వేసింది, ఆ కుర్రాడు నవ్వి మళ్లీ అందుకున్నాడు. "మరోవైపు..." ఊపిరి. నా కాగితంమీద గీత ఉన్నచోటే ఊపిరి. తెరమీద ఆకుపచ్చ గీతలుగా ఆ గొంతులు పాకుతున్నాయి. ఫైలు మారినా ఖాళీలు అవే చోట్ల పడుతున్నాయి.

"పిల్లలు చూసి చదువుతున్నారా అక్కా?" అన్నాడు ఇంజనీరు.

"లేదు సార్. ఫోన్లు బల్లమీద బోర్లేపిచ్చిన. ముంగట్నే కూసున్నరు, నా కండ్లల్లకు చూసుకుంట మాట్లాడిన్రు" అంది అమ్మాయి.

"మరి ఇలా ఎందుకు మాట్లాడుతున్నారు?" అని అడిగాను.

"అందరు గిట్లనే మాట్లాడ్తరు మేడమ్. పొద్దందాక ఏఐ రాసిందే చదువుతం గద. నేను గూడ గట్లనే రాస్త. మీరే గద ఎర్రగ గీకుతరు."

పదకొండు మంది నిజమైన పిల్లలు. ఎవరూ కాపీ కొట్టలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. నేను లేరని రాసిచ్చిన పిల్లలు ఆ చీకట్లో ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దగ్గి, నవ్వి, ఒకే ఊపిరితో మాట్లాడి వెళ్లారు. ఇలాంటి దాన్ని నేను ఏ దయ్యాల సినిమాలోనూ చూడలేదు.

"పన్నెండోది లేదే అక్కా. పదకొండు ఫైళ్లే ఉన్నాయి" అన్నాడు ఇంజనీరు.

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది. ఇంజనీరుకి ఇదేమీ తెలియదు. "కాగితం ఉందిగా, ఓసారి చదివి వినిపించు అక్కా, మిగతావాటితో పోల్చి చూద్దాం" అన్నాడు. అలవాటుగా అద్దం అవతలి గదిలోకి వెళ్లి మైకు ముందు నిలబడ్డాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పన్నెండో కాగితం చదివాను. ఒక్క టేకులో అయిపోయింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఊపిరి చాలలేదని అనిపించలేదు.

హెడ్‌ఫోన్లలో ఇంజనీరు గొంతు వచ్చింది.

"ఇది నువ్వు రాసుకున్నదే కదక్కా? నీ నోటికి కొలిచి కుట్టినట్టుంది."

అద్దం అవతల సోఫాలో ఆ అమ్మాయి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

తర్వాత థియేటర్ మెట్లమీద కూర్చుని అంతా చెప్పింది. పన్నెండో అమ్మాయి వస్తానని ఒప్పుకుని, చివరి రోజు రానంది. ఇంకెవరూ దొరకలేదు. నాకు కాగితాలివ్వాల్సిన గడువు మర్నాడే. "మీ ఎర్ర రాతలన్నిటికి ఫోటోలు తీసిన మేడమ్. రెండేండ్లయి. ఏఐల పెట్టిన. గీమెకు నచ్చేటట్టు ఒక పిల్ల మాట్లాడినట్టు రాయి అన్న. ఒక్క నిమిషంల రాసింది." వెనక్కి తిరిగి చూసిన సంగతి కూడా నా రాతే. ఎప్పుడో ఒక కాగితం అంచున నేనే రాసి మరిచిపోయాను.

వంటింట్లో ఉండగా పక్కింటి టీవీలో పాత సినిమా వస్తే, అందులో నా గొంతును గోడ అవతల్నుంచి గుర్తుపట్టేదాన్ని. అలాంటిది, నా మాటే నా ఎదురుగా కూర్చుని నన్ను పలకరిస్తే, ఎవరో పరాయి పిల్ల అనుకుని కన్నీళ్లు పెట్టుకున్నాను.

సిగ్గు విడిచి ఒక సంగతి చెప్పాలి. ఆ మెట్లమీదే నాకొక దారి తోచింది. రికార్డింగులన్నీ విన్నాను, నా అనుమానం తీరింది అని ఒక్క వాక్యం రాసిస్తే చాలు. పిల్ల ఏడాది మిగులుతుంది, ఉద్యోగం మిగులుతుంది. దయ అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను గానీ, అది దయ కాదు. ఉన్న మనుషుల్ని లేరన్నాననీ, లేనిదాన్ని నిస్సందేహంగా ఉందన్నాననీ పదిమందిలో ఒప్పుకోవాల్సి వస్తుందని నా భయం. ఆ వాక్యం ఆమెకు చెప్పాను కూడా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీరేం రాసుకున్నా నేనైతే చెప్పేస్త మేడమ్. వాళ్లు పదకొండు మంది నిజంగ మాట్లాడిన్రు. నా ఒక్క అబద్ధంతోని వాళ్లందరు అబద్ధమైతరు."

విచారణ రోజు ముగ్గురు కూర్చున్నారు. ఎందుకిలా చేశావని పెద్దాయన అడిగారు. అమ్మాయి లేచి నిలబడింది. "ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న సార్. ఒకవైపు..." అని మొదలుపెట్టింది. అదే వరస, అదే ఊపిరి. ఆమెకూ వినబడినట్టుంది, ఆగిపోయింది. తర్వాత, "భయమైంది సార్. పన్నెండు గావాలె అన్నరు, పదకొండే అయినయి. మేడమ్‌కు నచ్చాలె అనుకున్న. చేసిన" అంది. నా చేతిలో పెన్సిల్ ఉంది. ఆ మాటల మధ్య ఎక్కడ గీత పెట్టాలో నాకు తెలియలేదు.

తనంతట తానే ఒప్పుకున్నందుకు ప్రాజెక్టు రద్దు చెయ్యలేదుగానీ వెనక్కి ఇచ్చారు. నాలుగు నెలల్లో నిజమైన పన్నెండో మనిషిని తేవాలి. జరిగిందంతా ఒక అధ్యాయంగా రాయాలి. అందులో, మోసపోయిన గైడు వాంగ్మూలం కూడా రికార్డు చేసి జతపరచాలి. జూన్ దాటింది, ఆమె ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. ఆ విషయం నాకు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. నేనే ముందు ఆ నోరు మూయించకుండా ఉంటే, పన్నెండోది అబద్ధమని ఆ రోజే చెప్పేది. కమిటీ దాకా పోకుండా, జూన్‌కి ఇంకా నెలలుండగానే అసలైన మనిషిని వెతికేవాళ్లం. ఆ ఉద్యోగం పోవడంలో సగం పాపం నాది.

జులైలో ముసురు పట్టిన ఒక పగలు నా వాంగ్మూలం కోసం ఇంటికొచ్చింది. ఫోన్ బల్లమీద పెట్టి, ఎర్ర చుక్క వెలిగాక అడిగింది.

"ఆ కాయితం చదివినప్పుడు మీకేమనిపించింది మేడమ్? మీ మాటల్ల చెప్పుండ్రి."

గొంతు సవరించుకున్నాను. "పెదవులు నావే. మాటే నాది కాదు. నా బతుకంతా..."

ఆమె ఫోన్ ఆపేసింది.

"మేడమ్, గా మాట ఏఐ రాసింది."

"కాదమ్మా. అది నా మాటే. నా రాతల్లోంచే అది ఎత్తుకుంది."

ఆమె సంచిలోంచి ఫైలు తీసి నా ఒళ్లో పెట్టింది. రెండేళ్ల ఎర్ర సిరా. "అధ్యాయం రాసేటందుకు మొత్తం వెతికిన మేడమ్. వెనక్కి తిరిగి చూసిన ముచ్చట ఉంది. గీ మాట ఏడ లేదు."

ప్రతి కాగితం తిప్పాను. ముందూ వెనకా, అంచులూ అన్నీ చూశాను. వాన పెరిగి ఇంట్లో లైటు వేసుకోవాల్సి వచ్చింది. ఆ మాట ఎక్కడా లేదు. కానీ నాకది చిన్నప్పట్నుంచీ తెలిసిన మాటలా ఉంది. ఎప్పుడో ఎవరితోనో అన్నానని ప్రమాణం చేసి చెప్పగలను. ఎవరితో అన్నానో మాత్రం ఎంత తలుచుకున్నా ఒక్క మొహమూ గుర్తు రాలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. మల్ల చెప్పుండ్రి" అని ఆమె ఎర్ర చుక్క మళ్లీ వెలిగించింది.

నోరు తెరిచాను. వచ్చిన మొదటి వాక్యాన్ని మింగేశాను. రెండోది వచ్చింది, దాన్నీ మింగేశాను. ఆమె ఓపిగ్గా నా పెదవుల వైపు చూస్తూ కూర్చుంది.